మా ఇల్లు కాబట్టి

మా ఇంట్లో ఇప్పుడు రెండు పొయ్యిలు. ఒకప్పుడు ఒకటే ఉండేది. రెండెందుకయ్యాయని ఎవరైనా అడిగితే మా అత్తయ్య "ఆవు వల్ల" అంటుంది. బావగారు, అంటే మా ఆయన అన్నగారు, "మరదలి వల్ల" అంటారు. మా ఆయన ఏమీ అనడు, నోట్లో నాలుక లేని మనిషి. నన్నడిగితే మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ చలికాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అందులో సగం మంట బావగారి మీద, పావు వంతు ఆఫీసు మీద. మిగిలిన పావు నా మీదే.

నాది పాల కొలత పని. పాల సంఘం తరఫున ఇంటింటికీ వెళ్ళి ఏ ఆవు రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తోందో కొలిచి పుస్తకంలో రాయాలి. ఇందులో ఏముంది, బకెట్టు పట్టుకుని తిరగడమేగా అనిపిస్తుంది. మా సూపర్‌వైజరుకు కూడా అలాగే అనిపించేది. కానీ ఏ ఆవు కోడెదూడ ఆబోతు కావాలో కోడెల కేంద్రం వాళ్ళు తేల్చేది ఆ పుస్తకంలోని అంకె చూసే. ఆ ఆబోతు వీర్యాన్ని గడ్డకట్టించి సన్నటి గొట్టాల్లో ఊరూరా పంపుతారు. సూది వేసే అతను వాటినే తెచ్చి ఎదకొచ్చిన ఆవులకు వేస్తాడు. తల్లి పాలు నిజమైతే ఆ మంచి వెయ్యి కొట్టాల్లో పుడుతుంది. తల్లి పాలు అబద్ధమైతే ఆ అబద్ధమూ వెయ్యి కొట్టాల్లో పుడుతుంది. పెయ్యను మూడేళ్ళు మేపి, అది ఈని, పాలివ్వడం మొదలుపెట్టాక గాని ఆ సంగతి బయటపడదు. బయటపడ్డాక చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకే కొలతకో నియమం పెట్టారు. కొలత రోజు పొద్దున ఆవును ఆఖరి ధార దాకా పితికించి పొదుగు ఖాళీ చేయించాలి. ఆ పాలు లెక్కలోకి రావు. ఆ సాయంత్రం ఇచ్చినవీ, మర్నాడు పొద్దున ఇచ్చినవీ కలిపితే ఒక రోజు పాలు. పొద్దున పొదుగులో నాలుగు లీటర్లు వదిలేస్తే అవి సాయంత్రం బకెట్లో తేలతాయి, మామూలు ఆవు కాస్తా మహారాణి అయి కూర్చుంటుంది. కాబట్టి ఖాళీ చేసేటప్పుడు కొలిచే మనిషి పక్కనే నిలబడి, పొదుగు మీద చెయ్యేసి చూసి, చూశానని సంతకం పెట్టాలి. నా చేతి కింద నలభై కొట్టాలు ఉండేవి. రోజుకు రెండు మూడు చొప్పున అన్నింట్లోనూ చలికి వణుకుతూ నిలబడేదాన్ని.

ఆ చలికాలం మొదట్లో కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. కొత్తగా ఈనిన ఆవుల్లో ఒకదాని కోడెదూడను తీసుకుంటారట. నెలకొకటి చొప్పున మూడు కొలతలు. రెండో కొలత కాగానే మొదట ఉన్న దూడను ఉంచి మిగతావాటిని జాబితాలోంచి తీసేస్తారు. మూడోది ఖరారు చేసుకోవడానికి. ఆ ఏడు కోడెదూడను వేసిన మేలైన ఆవులు మా చుట్టుపక్కల రెండే. ఒకటి మా బావగారి దొరసాని, రెండోది మా వీధి చివర అరుపుల పెద్దమ్మ పెంచుకుంటున్న మొండి.

దొరసాని చూడచక్కని ఆవు. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్లమచ్చ, నేల కందిపోతుందేమో అన్నట్టు అడుగేస్తుంది. దాన్ని బావగారు తన చేత్తో పెంచారు. దానికి జ్వరం వస్తే కొట్టంలోనే మంచం వేసుకున్నారు. ఆ ప్రేమ అబద్ధం కాదు, అది ఒప్పుకుంటాను. మొండి అంటారా, బూడిద రంగు, ఒక కొమ్ము పైకి, ఒక కొమ్ము పక్కకి. అయిదో ఈత. ఒక్కనాడూ డాక్టరు మొహం చూసింది లేదు. ఇక పెద్దమ్మ గొంతు సంగతి చెప్పాలంటే, ఆమె తన కొట్టంలో "జరుగు" అంటే మా వీధిలో ఆవులన్నీ ఒక అడుగు పక్కకు జరుగుతాయి.

మొదటి నెల కొలతకు నేను ఇంకా తెల్లవారకుండానే పెద్దమ్మ కొట్టానికి వెళ్ళాను. ఆమె అప్పటికే పీట మీద కూర్చుని మొండిని పితుకుతోంది. చివరి ధారలు సన్నబడి, చుక్కలై, అవీ ఆగిపోయాయి.

"రా, చెయ్యి పెట్టి చూడు. మొహమాటపడకు" అంది.

చూశాను. పొదుగు పిండేసిన గుడ్డలా మెత్తగా ఉంది.

"ఖాళీ అయింది పెద్దమ్మా."

"నాలుగూ చూశావా? వెనక కుడి చన్ను మళ్ళీ చూడు. అది దొంగది, దాచుకుంటుంది."

మళ్ళీ చూశాను. ఆమె తృప్తిపడి లేచి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"మీ ఇంట్లోనూ ఇలాగే చెయ్యి పెట్టి చూస్తావా, లేక సొంత ఆవు కదా అని ఊరుకుంటావా?"

"అదేంటి పెద్దమ్మా! కొలత కొలతే. ఎవరిల్లయితే ఏంటి?"

"ఆ మాట మీద నిలబడు. నీ మాట నమ్మే ఈ దూడని ఉంచుతున్నా. ఇది ఒక పూట పాలన్నీ తాగేస్తోంది, పెరిగాక దీన్ని మేపే ఓపిక నాకెక్కడిది? కేంద్రం వాళ్ళు తీసుకుంటామంటే ఎలాగోలా సాకుతా. లేదంటే వ్యాను ఎక్కించడమే."

పనికిరాని కోడెదూడల కోసం వారానికొకసారి మా వీధికి ఒక వ్యాను వస్తుంది. అది ఎక్కడికి వెళుతుందో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. గుంజకు కట్టిన దూడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ పలుపు నములుతోంది. దానికీ ఒక కొమ్ము పక్కకే వచ్చేలా ఉందని పెద్దమ్మ పడీపడీ నవ్వింది. ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దునా కలిపి మొండి ఇరవై రెండు లీటర్లు ఇచ్చింది.

మూడో రోజు మా ఇంటి వంతు. నేను శాలువా కప్పుకుని, పుస్తకం పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి కొట్టం గుమ్మంలో బావగారు చెవులకు మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఈ చలిలో నువ్వెందుకమ్మా? వారం నుంచీ తిరిగి తిరిగి వస్తున్నావు. తమ్ముడు పితుకుతున్నాడు, నేను చూస్తున్నాను. మన ఇల్లే కదా. నువ్వెళ్ళి కాస్త టీ పెట్టు."

"నేను చూడాలి బావగారూ. చూశానని సంతకం పెట్టాలి."

"పెట్టు, ఎవరొద్దన్నారు? నామీద నమ్మకం లేదా?"

ఇంటికి పెద్దవాడు గుమ్మంలో నిలబడి నమ్మకం లేదా అంటే లేదని ఏ మరదలు అంటుంది? వెళ్ళి టీ పెట్టాను. పొయ్యి పక్కనే కూర్చుని సంతకం కూడా పెట్టాను. నలభై కొట్టాల్లో నిలబడి, నాలుగేసి చన్నులు తడిమి చూసిన దాన్ని, సొంత పెరట్లో పది అడుగులు వెయ్యలేకపోయాను. అది తప్పని ఆ పూట నాకు తట్టలేదు. ఇంట్లో వాళ్ళని అనుమానించకపోవడం మంచితనం అనుకున్నాను!

సాయంత్రం కొలతకు సూపర్‌వైజరు కూడా వచ్చాడు. పొద్దున పూట చలిలో ఏనాడూ రాడు గాని, సాయంత్రం టీ వేళకు తప్పకుండా హాజరు. ఏం చెప్పినా "సరే సరే" అంటాడు కాబట్టి అతని వెనక అందరం సరేసరే గారనేవాళ్ళం. దొరసాని ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దునా కలిపి ఇరవై ఆరు లీటర్లు ఇచ్చింది. అంత పాలు ఒక్క ఆవు దగ్గర నేనెప్పుడూ కొలవలేదు.

"గొడ్డొచ్చిన వేళ అని ఊరికే అన్నారా?" అంది అత్తయ్య దొరసాని వీపు నిమురుతూ.

బావగారు కేంద్రం గోడ మీద తన కొట్టంలో పుట్టిన కోడె ఫొటో ఎక్కడ పెడతారో, కింద ఎవరి పేరు రాస్తారో అప్పుడే చెప్పడం మొదలుపెట్టారు. మా ఆయన కుడితి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఎంతసేపు కడుక్కుంటాడో అనుకున్నాను, అంతే.

రెండో నెలా అదే వరస. బావగారు గుమ్మంలో, నేను పొయ్యి దగ్గర. దొరసాని ఇరవై ఏడు, మొండి ఇరవై మూడు. రెండు రోజులకు సంఘం బోర్డు మీద కాగితం అంటించారు. దొరసాని దూడ ఉంటుంది, మొండి దూడ పేరు కొట్టేశారు.

పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. వీధంతా వినపడేలా అరుస్తుందని భయపడ్డాను. అరవలేదు. మెట్టు మీద నిలబడి నన్ను ఒక్క మాట అడిగింది.

"నువ్వు చెయ్యి పెట్టి చూశావుగా?"

"చూశాను పెద్దమ్మా."

"అయితే సరే. వాళ్ళ ఆవు మేలైందన్నమాట" అని వెళ్ళిపోయింది.

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నా నోట్లోంచి! ముందు సంతకం, తర్వాత మాట. ఒకసారి రాసిన అబద్ధాన్ని రెండోసారి నోటితో చెప్పడానికి ఏ కష్టమూ లేదు.

మరో పది రోజులకు పాల కేంద్రంలో వెన్న పరీక్ష చేసే అమ్మాయి నన్ను పిలిచింది. ఆ కొలత రోజు సీసాల్లో పట్టి ఇచ్చిన పాల ఫలితాలు ఆమె ముందున్నాయి.

"వదినా, మీ దొరసాని వింత ఆవు. పాలు పెరిగితే వెన్న తగ్గాలి కదా? మీ దానికి సాయంత్రం పాలు వరదలా వచ్చాయి, వెన్న కూడా అయిదు శాతం దాటింది. మర్నాడు పొద్దుటి పాలలో మూడున్నరే. మొదటి నెలా ఇంతే. ఏం పెడుతున్నారు దానికి?"

పొదుగులో మొదట వచ్చేవి పల్చటి పాలు, చివర వచ్చేవి చిక్కటివి. ఇది పాడి ఉన్న ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. సాయంత్రం బకెట్లో అంత వెన్న ఉందంటే పొద్దుటి చిక్కటి పాలు పొదుగులోనే నిలవున్నాయన్నమాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వెన్న పట్టించింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన పచ్చగడ్డి కోస్తున్నాడు.

"పొద్దున పాలు వదిలేస్తున్నారా?" అని అడిగాను.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "అన్నయ్యని అడుగు" అన్నాడు, తల ఎత్తకుండా.

అదే జవాబు. దానికి మించిన జవాబు నాకు అక్కర్లేదు. ఆ క్షణాన బావగారిని నిలదీయాలి, లేదా తిన్నగా సంఘానికి పోవాలి. నేను ఏం చేశానో తెలుసా? ఏమీ చేయలేదు. మూడో కొలత ఉందిగా, అప్పుడు దగ్గరుండి సరిగ్గా కొలుస్తాను, నిజం దానంతటదే బయటపడుతుంది, ఇంట్లో గొడవ లేకుండా పని అయిపోతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇరవై రోజులు అలా గడిపాను. రోజూ బావగారికి వడ్డించాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టని ఆయన్ని అనుకునేదాన్ని గాని, ఆ ఇరవై రోజులూ కళ్ళు మూసుకున్నది నేను.

మూడో కొలత రోజు పొద్దున బావగారు మామూలుగా గుమ్మంలో ఉన్నారు.

"టీ..." అన్నారు.

"అక్క పెడుతోంది బావగారూ" అని ఆయన పక్క నుంచి లోపలికి దూరాను. అక్క, అంటే మా తోడికోడలు, నిజంగానే వంటింట్లో ఉంది. ఆమెకు ఈ గొడవతో సంబంధం లేదు. బావగారు నవ్వారు, కానీ పక్కకు తప్పుకోలేదు. ఆయన భుజం తగిలింది నాకు. క్షమించమని అనలేదు నేను.

మా ఆయన పీట మీద కూర్చుని పితుకుతున్నాడు. నన్ను చూసి ఆయన చేతులు ఒక్క క్షణం తడబడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. దొరసాని చక్కగా చేపి పాలు వదిలింది, బకెట్లో నురగ పైకొచ్చింది. ధార ఇంకా లావుగా ఉండగానే ఆయన ఆపేసి, చేతులు తుడుచుకున్నాడు. దొరసాని మెడ తిప్పి వెనక్కి చూసింది. వెనక కాలు ఎత్తి దించింది. ఎవరూ పట్టుకోకుండానే దాని చన్నులోంచి పాలు గడ్డి మీదకు కారుతున్నాయి.

వంగి చెయ్యి పెట్టాను. పొదుగు బిగిసి ఉంది. వెనక ఎడమ వైపు వేడిగా ఉంది.

"ఇంకా ఉన్నాయి" అన్నాను.

మా ఆయన నా వైపు చూడలేదు. బకెట్టు వైపు చూశాడు.

"అయిపోయాయిరా. లే" అన్నారు బావగారు గుమ్మంలోంచి.

ఆయన లేవలేదు. బకెట్టును మళ్ళీ మోకాళ్ళ మధ్యకు లాక్కున్నాడు. ధార మొదలైంది.

"నిన్నేరా! లే అంటున్నా!"

"వెనక ఎడమది వాచింది అన్నయ్యా" అన్నాడు మా ఆయన, పితుకుతూనే. "దానికి నొప్పిగా ఉంది."

ఆఖరి చుక్క దాకా పితికాడు. బకెట్టు గీతల ప్రకారం, వదిలేయబోయిన పాలు నాలుగున్నర లీటర్లు! పుస్తకం తీసి, ఆయన పక్కనే నిలబడి, మా ఇంటి కొట్టంలో మొదటిసారి చూసి సంతకం పెట్టాను.

బావగారికి ఉక్రోషం వచ్చింది. "ఏం సాధించావమ్మా? ఆవు మనది, పాలు మనవి. నాలుగు లీటర్లు అటూ ఇటూ అయితే ఎవడి సొమ్ము పోయింది? అందరూ చేసేదే!"

"అందరూ చెయ్యరు బావగారూ. నలభై కొట్టాల్లో చెయ్యి పెట్టి చూశాను, ఒక్కరూ చెయ్యలేదు. నేను చూడని కొట్టం ఒక్కటే, అందులోనే జరిగింది. ఆవు మనదే, పాలూ మనవే. రేపు ఈ దూడ ఆబోతు అయితే దాని పెయ్యలు ఎవరివి? పాతిక లీటర్లు ఇస్తుందని ఆశపడి మూడేళ్ళు మేపుకుని, చివరికి బకెట్టు సగం నిండక, మా దాణాలో లోపమేమో, మా చేతిలో లోపమేమో అని ఏడిస్తే వాళ్ళకి ఎవరు చెబుతారు, మీ మరదలు టీ పెడుతూ సంతకం పెట్టిందని?"

కేకలకు అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. "మెల్లగా అమ్మాయ్, మెల్లగా. ఇంటి గుట్టు వీధిలో పెట్టకు."

"గుట్టు ఇంట్లో ఉండేదైతే ఉంచేదాన్నే అత్తయ్యా. ఇది సూదిలో పెట్టి ఊరూరా పంచేది."

నేను పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లో గొంతు పెంచడం అదే మొదటిసారి. గొంతు బాగానే ఉందే అనిపించింది.

ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దునా కలిపి దొరసాని ఇరవై ఒకటిన్నర ఇచ్చింది. మంచి పాలే. తలెత్తుకుని చెప్పుకోదగ్గ పాలు. ఆ ఆవును అబద్ధంతో అలంకరించాల్సిన అవసరమే లేదు. పుస్తకం పట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్ళాను. బావగారు నాకన్నా ముందే అక్కడ కుర్చీలో ఉన్నారు. దూడను చూసి ఖరారు చేయడానికి కేంద్రం నుంచి వచ్చిన డాక్టరమ్మ కిటికీ పక్కన కూర్చుని కాగితాలు తిరగేస్తోంది. సూపర్‌వైజరు నా పుస్తకం చూసి తల ఊపాడు.

"సరే సరే. ఆవుకి పొదుగు వాపట కదా, మీ బావగారు చెప్పారు. నలతగా ఉంది, పాలు తగ్గాయి అని రాద్దాం. మొదటి రెండు నెలలూ బాగున్నాయి. మూడింటికీ సగటు తీస్తే దాదాపు ఇరవై అయిదు. అయినా దొరసానే మొదట."

ఇరవై రోజులు నేను దాచుకున్న ఉపాయమంతా అదే కదా, మూడో కొలత నిజం చెబుతుందని! మూడో కొలత నిజమే చెప్పింది, ముందున్న రెండు అబద్ధాలూ కలిసి దాని గొంతు నొక్కేశాయి. ఆ రెండింటి కిందా ఉన్నది నా సంతకం.

"మొదటి రెండూ తప్పు" అన్నాను. "ఆ రెండు నెలలూ పొద్దున పొదుగు ఖాళీ చేయలేదు."

డాక్టరమ్మ తలెత్తింది. సూపర్‌వైజరు గబుక్కున నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"సరే సరే, అంత దూరం ఎందుకమ్మా? కొలతలో పొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాయి. బకెట్టు గీతలు అరిగిపోయాయని రాద్దాం. ఎవరి మీదా పడదు. నీ ఉద్యోగమూ ఉంటుంది, మీ ఇంటి పరువూ ఉంటుంది."

బకెట్టు గీతలట! రెండు నెలలు సాయంత్రం టీ తాగి వెళ్ళిన మనిషి, ఒక్క పొద్దునయినా కొట్టం వాసన చూడని మనిషి, నేరం బకెట్టు మీద పెట్టమంటున్నాడు.

"కొలతలో పొరపాటు లేదండీ. నేను కొలిచింది సరిగ్గానే కొలిచాను. కొలిచిన పాలే దొంగవి."

"నువ్వు చూశావా?" అన్నారు బావగారు కుర్చీలోంచి, మెల్లగా. "ఆ రెండు నెలలూ తమ్ముడు పాలు వదిలేయడం నీ కళ్ళతో చూశావా?"

"చూడలేదు బావగారూ. చూడలేదనే రాస్తాను."

డాక్టరమ్మ ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసింది. కార్బను పెట్టమని అడిగాను. మూడంటే మూడే వాక్యాలు రాశాను. ఆమె చదివి, పుస్తకంలో దొరసాని మొదటి రెండు అంకెల మీదా అడ్డంగా గీత గీసింది.

"ఇక ఈ పుస్తకం మీ చేతికి ఇవ్వలేనమ్మా. తెలుసుగా?"

"తెలుసు."

"రెండో ఆవు ఎవరిదో వాళ్ళకు చెప్పండి. ఎల్లుండి మా బండి వస్తుంది, ఆ దూడను తీసుకెళతాం."

బావగారు లేచి, నా పక్క నుంచే బయటికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన నాతో మాట్లాడలేదు. నాకు అప్పుడు అదేమీ పట్టలేదు. పుస్తకం పోయినందుకు బాధా లేదు. కార్బను నకలు గుప్పిట్లో పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వీధి చివరికి ఒకటే పరుగు. అంత సంతోషంగా నేను ఎప్పుడు పరుగెత్తానో గుర్తులేదు.

పెద్దమ్మ కొట్టంలో పచ్చగడ్డి నరుకుతోంది. మొండి నెమరేస్తోంది.

"పెద్దమ్మా! నీ దూడే! కేంద్రం వాళ్ళు నీ దూడని తీసుకుంటారట, ఎల్లుండే బండి వస్తుంది! మొండే మొదటిది పెద్దమ్మా, ముందు నుంచీ మొండే!"

ఆమె నరకడం ఆపలేదు.

"ఏ దూడ?" అంది.

అప్పుడు చూశాను. దూడను కట్టే గుంజకు పలుపు చుట్టిపెట్టి ఉంది. కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

"పన్నెండు రోజులయింది వ్యాను ఎక్కించి" అంది పెద్దమ్మ. "అంతకుముందు వ్యాను రెండుసార్లు వచ్చినా ఇవ్వలేదు. ఏమో, ఎవరైనా వచ్చి లెక్క తప్పిందంటారేమోనని ఆగా. ఎవరూ రాలేదు."

నాకు నిజం తెలిసి అప్పటికి ఇరవై రోజులు దాటింది. పన్నెండు రోజుల కిందట ఆ వ్యాను మా ఇంటి ముందు నుంచే వెళ్ళి ఉంటుంది. నేను బహుశా బావగారికి అన్నం వడ్డిస్తూ ఉండి ఉంటాను.

"నేను అడిగా నిన్ను" అంది పెద్దమ్మ. "మీ గుమ్మంలో నిలబడి అడిగా. చూశానన్నావు."

వీధి వీధంతా జరిగేలా అరిచే మనిషి, ఆ మాట నాకొక్కదానికే వినపడేంత మెల్లగా అంది. అరిచి ఉంటే, తిట్టి ఉంటే, గడ్డి కత్తి విసిరి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. చేతిలో కాగితం ఉంది, అదే ఇచ్చాను.

"నాకు అద్దాల్లేవు. చదువు."

చదివాను. ఆమె గడ్డి పక్కన పెట్టి విన్నది.

"పొరపాటు అని రాయలేదుగా?"

"రాయలేదు పెద్దమ్మా."

ఆమె లేచింది. చేతులు దులుపుకుని, నా మోచెయ్యి పట్టుకుని కొట్టంలోంచి బయటికి, అక్కడి నుంచి వీధి మెట్టు మీదకి నడిపించుకొచ్చింది.

"ఇప్పుడు చదువు. గట్టిగా. వీధి ఆ చివరికి వినపడాలి. నేను చదివితే అరుపులది మళ్ళీ అరుస్తోందని తలుపులేసుకుంటారు. నువ్వు చదివితే వింటారు."

పాలు పోయడానికి క్యాన్లతో బయల్దేరిన వాళ్ళు ఆగారు. రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి. మా ఇంటి గుమ్మంలో అత్తయ్య, ఆమె వెనక బావగారు. సైకిలు మీద గడ్డిమోపుతో వస్తున్న మా ఆయన కాలు నేల మీద ఆనించి నిలబడిపోయాడు. ఆయన వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.

కాగితం రెండు చేతులతో పట్టుకుని, గొంతెత్తి చదివాను.

"మొదటి నెల, రెండో నెల దొరసాని పొదుగు ఖాళీ చేయడం నేను చూడలేదు. చూశానని సంతకం పెట్టాను. మా ఇల్లు కాబట్టి చూడలేదు."

"ఇంకోసారి" అంది పెద్దమ్మ నా పక్కన నిలబడి.

ఇంకోసారి చదివాను.